ఫ్రాన్సు చారు

పటాన్‌చెరు దగ్గరి ఇంద్రేశం కొత్త లేఅవుట్లో ఫ్రాన్సు రాజుగారి ఇల్లెక్కడని అడిగితే పాలవాడు కూడా చూపిస్తాడు. అలాగని ఆ ఇంట్లో ఫ్రాన్సు వస్తువేదైనా ఉందేమోనని వెతికితే ఒక్కటీ దొరకదు. గేటు పక్కన కరివేపాకు చెట్టు, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, మేడ మీద నీళ్ళ ట్యాంకు, అన్ని ఇళ్ళలాంటి ఇల్లే. ఫ్రాన్సంతా నరసరాజు గారి నోట్లో ఉంది. ఆయన ప్లాంటులో ఉద్యోగం చేసే రోజుల్లో, కొత్త మిషను పని నేర్చుకు రమ్మని ఆయన్నీ, కామేశ్వరరావు అనే తోటి ఉద్యోగినీ కొన్ని వారాలు ఆ దేశం పంపించారు. అంతే సంగతి. వెళ్ళింది కొన్ని వారాలు, చెప్పుకున్నది జీవితకాలం.

ఆ చెప్పుకోవడమంతా మొదటినుంచీ చివరిదాకా విన్న మనిషి ఒక్కరే. ఆయన భార్య అన్నపూర్ణ.

అన్నపూర్ణది భీమవరం పక్క పల్లె. పెళ్ళయి ప్లాంటు క్వార్టర్స్‌కి వచ్చిన కొత్తలో ఇక్కడి బోరు నీళ్ళకు కందిపప్పు ఉడక్క నానా తిప్పలూ పడింది. పొయ్యి మీద పప్పు ఎగిరెగిరి పడేదే గానీ మెదిగేది కాదు. పప్పు లొంగలేదు కాబట్టి ఆవిడ చారును లొంగదీసుకుంది. మిరియాలు అప్పటికప్పుడు దంచి, చింతపండు పులుసు పచ్చివాసన పోయేదాకా మరగనిచ్చి, దించాక నేతిలో ఇంగువ పోపు వేసి మూత పెట్టేసేది. ఆ మూత తీసేసరికి పక్క క్వార్టర్ వాళ్ళు గిన్నె పట్టుకుని గుమ్మంలో ఉండేవారు. "అన్నపూర్ణ గారూ, మా పిల్లకి జలుబండీ, ఒక్క గరిటెడు పోద్దురూ" అని వంక. జలుబు లేని పిల్లలకు కూడా ఆ కాలనీలో జలుబు చేసేది.

నరసరాజు ఫ్రాన్సు నుంచి దిగిన రోజున కూడా ఆవిడ చారే కాచింది. పైదేశపు తిండి తిని తిని మనిషి నోరు చచ్చిపోయి ఉంటుంది పాపం అనుకుంది. ఆయన రెండు ముద్దలు తిన్నాడు. తిని, "బాగానే ఉందిలే. కానీ అక్కడ ఉల్లిపాయ చారని ఒకటిస్తారే, అబ్బబ్బ! దాని కాలిగోటికి సరిపోదు మనది" అన్నాడు.

ఆ మాట అక్కడితో ఆగితే గొడవే లేకపోను. ఆగలేదు. ఇంటికి ఎవరొచ్చినా, భోజనాల్లో చారు దాకా రాగానే ఆయన చెయ్యి ఆగిపోయేది, కళ్ళు అరమోడ్పులయ్యేవి. "ఉల్లిపాయల్ని సన్న సెగ మీద వేయిస్తారండీ, తొందరపడరు. అలా వేగి వేగి తేనె రంగులోకి తిరుగుతాయి. అప్పుడు... ఆయ్, చెబితే తెలిసేది కాదు లెండి" అనేవాడు. వినేవాళ్ళకు నోరూరేది. ఆ ఊరిన నోటితో తాగేది మాత్రం అన్నపూర్ణ చారు. తాగి, మర్యాద తెలిసినవాళ్ళు గనక, "ఇది కూడా బాగుందండీ" అనేవారు. ఆ 'కూడా' దగ్గర ఆవిడకు ఒళ్ళు మండిపోయేది.

దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. దగ్గరికెళ్ళి చూద్దామంటే ఆ కొండ ఫ్రాన్సులో ఉందాయె! ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? చారులో ఉల్లిపాయ ముక్కలు వేసి చూసింది. వేయించి వేసింది. నూరి వేసింది. కాస్త బెల్లం తగిలించింది. ప్రతిసారీ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి "ఎలా ఉందండీ?" అని అడిగేది. ఆయన నాలిక మీద అటూ ఇటూ తిప్పి, "దగ్గరికొచ్చావు గానీ, అది కాదే" అనేవాడు. కొన్నాళ్ళకు ఆవిడ పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, కాలనీ అంతా మెచ్చుకున్నా నమ్మకం కలిగేది కాదు. గిన్నె పట్టుకొచ్చిన పక్కింటావిడ కూడా మొహమాటానికి అంటోందేమో అనిపించేది. తన చారు తనకు ఎలా ఉంటుందో చూసుకోవడమే మర్చిపోయింది. కూతురి పెళ్ళిలో వంటవాళ్ళు "చారు మీరే చెయ్యండమ్మా" అని బతిమాలితే, "నాకంత బాగా రాదు బాబూ" అని తప్పించుకుంది. ఆ మాట నిజమనుకునే అంది.

ఆయన రిటైరయ్యాడు. ఇంద్రేశంలో ఇల్లు కట్టుకున్నారు. కామేశ్వరరావు వైజాగు వెళ్ళిపోయాడు, తర్వాత చనిపోయాడని తెలిసింది. కొత్త చోట కొత్త శ్రోతలు దొరికారు గనక రాజుగారి ఫ్రాన్సు మళ్ళీ మొదటినుంచీ మొదలైంది.

మొన్నటి వానాకాలంలో ఒకనాడు అన్నపూర్ణ పకోడీలు కరకరలాడాలంటే ఏం కలపాలో చూద్దామని, కూతురు కొనిచ్చిన ఫోనులో ఉల్లిపాయ అని నోటితో చెప్పింది. పకోడీల వెనకాలే ఇంకో వీడియో వచ్చింది. "ఫ్రెంచ్ ఆనియన్ సూప్, మన ఇంట్లోనే" అంటోంది ఓ తెలుగమ్మాయి. అన్నపూర్ణ చేతిలో ఉన్న పిండిగిన్నె కింద పెట్టి కూర్చుంది. ఇంట్లోనే! ఇన్నేళ్ళలో ఆవిడకు ఆ ఆలోచనే తట్టలేదు. మంచు ఆ దేశంలో పడుతుంది, ఇక్కడ పడదు. ఆ చారూ అంతేననుకుంది. ఇప్పుడు చూస్తే ఉల్లిపాయలు, వెన్న, రొట్టె, చీజ్. వీటిలో పటాన్‌చెరులో దొరకనిదేముంది? ఇన్నాళ్ళూ పేరు వినడమే గానీ కంటపడని సవతి, వీధి తలుపు తోసుకుని లోపలికొచ్చి మొహం చూపించినట్టయింది.

ఆ పూటే నిశ్చయించుకుంది. దాన్ని తన చేత్తో కాచి ఆయన ముందు పెట్టాలి. ఆయన తాగి, "ఇదేనే, అచ్చం ఇదే" అనాలి. ఒక్కసారి అంటే చాలు. ఆ సవతి గొప్పదో, తన చారు గొప్పదో అప్పుడు తేలిపోతుంది. తన చారు ఓడిపోయినా సరే, ఎదురుగా చూసి ఓడిపోవచ్చు.

ఒక్కచోట మాత్రం చిక్కొచ్చింది. అసలు పద్ధతిలో ఇందులో బీఫ్ ఎముకలు ఉడికించిన నీళ్ళు పోస్తారంది ఆ అమ్మాయి. అన్నపూర్ణ ఫోను ఆపి ఆలోచనలో పడింది. రాజుగారు కోడీ చేపా తింటారు గానీ సంగారెడ్డిలో ఏ హోటలుకు వెళ్ళినా "ఏం మాంసం బాబూ ఇది?" అని సర్వర్ని విసిగించి గానీ ముద్ద ముట్టరు. అలాంటి మనిషి అది తాగాడా? తెలియక తాగి ఉంటాడు, పోనీ పాపం, ఈ వయసులో చెప్పి ఆ ప్రాణాన్ని కష్టపెట్టడం ఎందుకు అనుకుంది. నెల తిరగకుండానే ఒకరోజు మేక ఎముకలు తెప్పించింది.

పక్కింటి భవాని ఇంద్రేశం ఊరి పిల్లే. ఈ ప్లాట్లన్నీ ఒకప్పుడు వాళ్ళ పొలాలు. ఇప్పుడు పాశమైలారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతుంది. ఆ రోజు ఆఫ్ కావడంతో పొద్దున్నే వచ్చి, వంటింట్లో గుట్టగా ఉన్న ఉల్లిపాయలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది ఆంటీ గిది? పెండ్లికి కోసినట్టు కోస్తున్నరు ఉల్లిగడ్డలు!"

"ఫ్రాన్సు చారమ్మా."

"అంకుల్ చెప్తుంటడు సూడు, గదేనా? అయ్యో, నేను గూడ కోస్త, తేండ్రి కత్తి" అని చున్నీ నడుముకు చుట్టి కూర్చుంది.

ఉల్లి చేసే మేలు తల్లి కూడా చెయ్యదంటారు. ఆ మేలు సంగతేమో గానీ ఇద్దరికీ కళ్ళమ్మట ధారలు. మూకుట్లో వెన్న కరిగించి ఉల్లిపాయలన్నీ పోసింది అన్నపూర్ణ. అవి కాస్త మెత్తబడ్డాయో లేదో, ఆవిడ చెయ్యి ఎవరూ చెప్పకుండానే పోపుల డబ్బాలోకి వెళ్ళి చిటికెడు పసుపు తీసి మూకుట్లో వేసేసింది. వేసిన తర్వాత గానీ ఆవిడ చూసుకోలేదు.

"ఓసి నా చెయ్యి పడ!"

భవాని నవ్వలేక చచ్చింది. "ఫ్రాన్స్ చారుకు కామెర్లయినయి ఆంటీ!"

ఆ మూకుడు రాత్రి కూరకని పక్కన పెట్టి మళ్ళీ మొదటినుంచీ కొయ్యడం మొదలుపెట్టారు. ఈసారి పోపుల డబ్బాను భవాని తీసుకెళ్ళి బియ్యం డ్రమ్ము మీద పెట్టింది.

"గింతసేపు గోలిస్తరా ఉల్లిగడ్డ? మాడుతది ఆంటీ, జల్దీ దించుండ్రి."

"మాడదే. సన్న సెగ. తొందరపడకూడదు."

ఆ పూట గాలి కంపెనీల వైపు నుంచి తిరిగింది. అలాంటప్పుడు మందుల కంపు పడలేక లేఅవుట్లో అందరూ కిటికీలు బిగించుకుంటారు. భవాని లేచి మూసేసింది. దాంతో ఉల్లిపాయల వాసన ఇల్లంతా నిండి, ముందుగదిలో టీవీ చూస్తున్న రాజుగారి దాకా వెళ్ళింది.

"ఏంటే, బిరియానీ చేస్తున్నావా?" అని కేకేశాడు.

వంటింట్లో గరిటె ఒక్క క్షణం ఆగింది. ఎన్నోసార్లు వర్ణించిన వాసన ముక్కుకు తగిలితే బిరియానీ అంటాడేమిటి! వానకు ముక్కు పట్టేసిందేమోలే అనుకుంది అన్నపూర్ణ. "కాదులెండి, కూర్చోండి" అంది.

ఉల్లిపాయలు తేనె రంగుకు వచ్చాక వైట్ వైన్ పొయ్యాలంది ఫోనులో అమ్మాయి. భవాని వెంటనే మొగుడికి ఫోను కొట్టింది. ఆయన పేరు నర్సింగ్. మెయిన్ రోడ్డు మీద వైన్స్ ముందు నిలబడి అక్కణ్ణుంచే అరిచాడు.

"వైన్స్‌ల వైన్ యాడుంటదే! బీరున్నది, బ్రాందున్నది. ఏది తేవాలె?"

"నీ మొకం, ఇంటికి రా" అని ఫోను పెట్టేసి, భవాని ఆలోచించింది. "ఆంటీ, మా ఇంట్ల ఈతకల్లున్నది, పొద్దుగాల తెచ్చిండ్రు. తెల్లగనే ఉంటది, పుల్లగనే ఉంటది. నడుస్తదా?"

కావలసింది తెలుపూ పులుపే కదా. ఒక గరిటెడు కల్లు చుంయ్‌మని మూకుట్లో పడింది. తర్వాత ఎముకల నీళ్ళు పోసి మరగనిచ్చింది. ఓవెన్ లేదు కాబట్టి బేకరీ రొట్టెముక్కల్ని పెనం మీద కాల్చి, వాటి మీద చీజ్ తురుము చల్లి, మూతపెట్టి కరిగించింది. గిన్నెలో సూప్ పోసి ఆ ముక్కల్ని పైన పరిచింది. వీడియోలో ఎలా ఉందో అలాగే వచ్చింది. సాగే తీగతో సహా.

"అంకుల్ ఏమన్నడో నాకు చెప్పాలె ఆంటీ" అని భవాని వెళ్ళిపోయింది.

అన్నపూర్ణ మొహం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని, గిన్నె తెచ్చి బల్ల మీద ఆయన ముందు పెట్టింది. పక్కన చెంచా పెట్టింది. గరిటె చేతిలోనే ఉంది, దాన్ని కూడా పట్టుకునే వచ్చేసింది.

"ఏంటిది?" అన్నాడు నరసరాజు.

"మీ ఉల్లిపాయ చారు. ఫ్రాన్సుది."

ఆయన మొహంలో ఏదో కదిలింది. సంతోషమేననుకుంది ఆవిడ. ఆయన గిన్నెలోకి వంగి చూశాడు. చెంచాతో రొట్టెను ఒక పక్కకు నెట్టి చూశాడు.

"చారు మీద రొట్టె పరిచావేంటే?"

"అలాగే కదండీ వేస్తారు?"

"ఎవడు చెప్పాడు నీకు? అక్కడ ఇలా ఉండదు. చారంటే చారులాగే ఉంటుంది. పల్చగా, గాజు గ్లాసులో పోసిస్తారు, పైన కొత్తిమీర చల్లి. ఈ జిగురేంటి, పాకంలా సాగుతోంది? అబ్బే, నువ్వు ఎన్నయినా చెయ్యి, అది రాదే."

ఈ నెలలో అన్నపూర్ణ ఆ ఒక్క వీడియోయే కాదు, దొరికినవన్నీ చూసింది. తెల్లవాళ్ళు చేసినవి, భాష తెలియనివి, ముసలాళ్ళు చేసినవి, పెద్ద టోపీలు పెట్టుకున్నవాళ్ళు చేసినవి. చేసేవాళ్ళు మారారు గానీ రొట్టె మారలేదు, చీజ్ మారలేదు. గాజు గ్లాసు ఎక్కడా లేదు. కొత్తిమీర అసలే లేదు. గాజు గ్లాసులో పోసి, పైన కొత్తిమీర చల్లి ఇంటికొచ్చినవాళ్ళకు ఇచ్చేది తనే. తన చారే అది.

సూప్ అనే మాటను ఈయన చారన్నాడు. చారని చెప్పి చెప్పి, అదెలా ఉంటుందని అడిగితే ఆయనకు తెలిసిన చారే కళ్ళముందు కనబడింది.

"మీరు తాగలేదు" అంది.

"ఏంటి?"

"అక్కడ. ఫ్రాన్సులో. మీరు తాగలేదు."

రాజుగారికి మాట తడబడటం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. ఆయన చెంచాను గిన్నె అంచుకు ఆనించి, తీసి, మళ్ళీ ఆనించాడు.

"కామేశ్వరరావు తాగాడే" అన్నాడు చివరికి. "రోజూ తాగేవాడు. అందులో ఆవు ఎముకల నీళ్ళు పోస్తారట రాజుగారూ అని మొదటిరోజే చెప్పాడు. నేనింక ఆ హోటలు గుమ్మం తొక్కలేదు. వాడు తాగొచ్చి, గదిలో మంచం మీద కూర్చుని ఇదంతా చెప్పేవాడు. నేను అరటిపళ్ళు తింటూ వినేవాణ్ణి."

"ఆయన చెప్పిందే ఇన్నాళ్ళూ మీరు చెప్పారా?"

"వచ్చాక ప్లాంటులో అందరూ ఏం తిన్నారు, ఏం తాగారని మీద పడ్డారు. అంతదూరం వెళ్ళి అరటిపళ్ళు తిన్నానని చెప్పమంటావా?"

"వాళ్ళకు చెప్పారు, సరే. నా చారుకెందుకు వంక పెట్టారు?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. కారణమేదైనా దొరికితే చెప్పేవాడే.

"ఊరికే అన్నానే" అన్నాడు. "నోటికి అలవాటైపోయింది."

ఊరికే! అన్నపూర్ణకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అరికాలి నుంచి నడినెత్తికెక్కే కోపం. తాగి, అది గొప్పగా ఉండి, ఆ మాట అన్నా ఓర్చుకునేది. కోతలు ఆయన కోశాడు, ఉల్లిపాయలు తను కోసింది. నూరి వేసి, వేయించి వేసి, బెల్లం వేసి, ఏ రోజుకారోజు గుమ్మంలో నిలబడి, లేని చారుతో పోటీపడింది. మెచ్చుకున్న నోళ్ళన్నిటినీ అనుమానించింది. కూతురి పెళ్ళిలో చారు ఎవరో చేశారు, దానికి ఉప్పు చాలలేదు, అయినా తను నోరెత్తలేదు. ఇదంతా ఊరికే.

అరుద్దామనుకుంది. అరిస్తే ఆయన రెండు రోజులు మూతి ముడుచుకుంటాడు, మూడోరోజు మళ్ళీ తనే బతిమాలాలి. అరవలేదు. ఆయన ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. గరిటె బల్ల మీద పెట్టింది. గిన్నెను తనవైపు జరుపుకుని, ఆయన చేతిలోంచి చెంచా తీసుకుని, రొట్టెను తుంపి, సూప్‌తో కలిపి నోట్లో పెట్టుకుంది.

ముందు ఉల్లిపాయ తీపి తగిలింది. వెనకాల కల్లు పులుపు, ఆ తర్వాత చీజ్ ఉప్పదనం. రొట్టె నాని మెత్తగా ఉంది, అంచులు మాత్రం ఇంకా కరకరలాడుతున్నాయి. ఇంకో చెంచా తాగింది. దీనికీ తన చారుకీ పోటీయే లేదు. అది అన్నంలోకి, ఇది రొట్టెలోకి. దేని దారి దానిది. ఈ సంగతి ఒక్క చెంచాతో తేలిపోయేదే.

ఆయన చూస్తున్నాడు. ఆవిడ తింటోంది. గిన్నె సగమైంది.

"ఎలా ఉందే?" అని అడిగాడు నరసరాజు.

ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆయన నోట రావడం అదే మొదలు. ఆవిడ తల ఎత్తింది. బాగాలేదని చెప్పడానికి ఎంత మనసయిందో! కానీ తిండి విషయంలో అబద్ధం ఆడటం ఆవిడకు చేతకాదు.

"చాలా బాగుంది" అంది.

"నాకూ కొంచెం..."

"స్టవ్ మీద ఉంది. మేక ఎముకలే వేశాను, భయపడకండి. వెళ్ళి పోసుకోండి."

ఆవిడ లేస్తుందేమోనని ఆయన కాసేపు ఆగాడు. లేవలేదు. ఆయనే లేచి, లుంగీ సర్దుకుని వంటింట్లోకి వెళ్ళాడు. లోపల ఏదో మూత కిందపడి గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. ఒక డబ్బా తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు.

"గరిటె ఎక్కడుందే?"

గరిటె అన్నపూర్ణ మోచేతి పక్కనే, బల్ల మీద ఉంది.

"వెతుక్కోండి" అంది ఆవిడ, సాగుతున్న చీజ్‌ను చెంచాకు చుట్టుకుంటూ.